ఇంట్లోవాళ్ల కంప్యూటర్‌ని లినక్స్‌కి మార్చాలంటే: సాయం చేసేవారికి సమగ్ర మార్గదర్శి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతది కావాలి. దాంతో ఏ లోపమూ లేకుండా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో అటూ ఇటూ కాకుండా మిగిలిపోయాయి. వాటికి విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్, మంచి దారి. డబ్బు పెట్టక్కర్లేదు, భద్రతా అప్‌డేట్లు ఆగవు, పాత మెషీన్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది.

కాస్త కంప్యూటర్ తెలిసి, తెలియనివారికి సాయం చెయ్యబోతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. లినక్స్ ఇన్‌స్టాల్ చెయ్యడం అరగంట పని. మారిన మనిషి నాలుగు నెలల తర్వాత కూడా దాని మీదే నిశ్చింతగా పని చేసుకుంటున్నారా లేదా అన్నది మాత్రం ఆ అరగంటకు ముందూ వెనకా మీరు పడే శ్రమను బట్టి ఉంటుంది. అందుకే ఇందులో ఇన్‌స్టాల్ గురించి తక్కువా, మిగతా వాటి గురించి ఎక్కువా చెబుతాను.

మొదటి అడుగు: మార్చాలా వద్దా తేల్చుకోండి

అడగనివారి కంప్యూటర్ మార్చకండి. మనకు నచ్చింది కదా అని వేరేవాళ్ల రోజువారీ పనిలో వేలు పెట్టకూడదు. వాళ్లకున్న ఇబ్బంది ఏమిటో వాళ్ల నోటితోనే విని, దానికి లినక్స్ పనికొస్తుందనిపిస్తేనే ఆ మాట ఎత్తండి. కంప్యూటర్ నెమ్మదిగా ఉందన్నదే అసలు బాధ అయితే, ఒక్కోసారి హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ పెడితే సరిపోతుంది.

ఇష్టపడి అడిగినా వద్దని చెప్పాల్సిన సందర్భాలున్నాయి. ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్ మీద బతుకుతెరువు ఉన్నవారికి మీరిచ్చే ప్రత్యామ్నాయం నచ్చదు, నచ్చాలని పట్టుబట్టడం కూడా న్యాయం కాదు. విండోస్‌లో మాత్రమే నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకాల యూఎస్‌బీ టోకెన్ వాడేవారి దగ్గర ఆ కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇస్తుందో లేదో చూడనిదే మాట ఇవ్వకండి. ఐట్యూన్స్‌తో ఐఫోన్ బ్యాకప్ తీసుకునే అలవాటున్నవారికి లినక్స్‌లో ఐట్యూన్స్ ఉండదని ముందే చెప్పాలి. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటి ఆటలు వాటి యాంటీ చీట్ వ్యవస్థల వల్ల లినక్స్‌లో ఆడలేం. ఇవేవీ లేకుండా బ్రౌజర్, ఈమెయిల్, ఉత్తరాలు, లెక్కల షీట్లు, ఫొటోలు, వీడియో కాల్స్‌తో రోజు గడిచిపోయేవారు మారడానికి సరిగ్గా సరిపోతారు. కొంచెం తెలిసి, ఎన్నో చిన్న చిన్న పరికరాల మీద ఆధారపడ్డవారి కంటే ఏమీ తెలియనివారిని మార్చడమే సులువని నా అభిప్రాయం.

రెండో అడుగు: పక్కన కూర్చుని చూడండి

"మీరు ఏం వాడతారు?" అని అడిగితే సగం సమాధానమే వస్తుంది. ఒక పూట పక్కన కూర్చుని, వాళ్ల పని వాళ్లను చేసుకోనివ్వండి. మీరు మౌస్ ముట్టుకోవద్దు, సలహా ఇవ్వొద్దు. ఏ గుర్తు మీద నొక్కుతున్నారు, ఫైల్ ఎలా తెరుస్తున్నారు, ఫోన్‌లోంచి ఫొటోలు ఎలా తెచ్చుకుంటున్నారు, దేన్ని ప్రింట్ తీస్తున్నారు అన్నవి కాగితం మీద రాసుకోండి.

మా మేనమామ పక్కన అలా కూర్చున్నప్పుడు ఇంటి లెక్కల ఫైల్ ఎక్కడుందని అడిగాను. "ఎక్సెల్‌లో ఉంది" అన్నాడు. ఏ ఫోల్డర్ అంటే అర్థం కానట్టు చూశాడు. ఎక్సెల్ తెరుస్తాడు, ఈమధ్య తెరిచిన ఫైళ్ల వరసలో మూడోది నొక్కుతాడు. ఆయన దృష్టిలో ఫైల్ ఉండే చోటు అదే. కొత్త కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో భద్రంగా పెట్టి ఇచ్చినా, ఆ వరస ఖాళీగా కనిపిస్తే ఆయనకు లెక్కలన్నీ పోయినట్టే. అందుకని అప్పగించే ముందు ఆ ఫైళ్లను లిబ్రెఆఫీస్‌లో (వర్డ్, ఎక్సెల్‌లకు బదులు వాడే ప్రోగ్రామ్) ఒక్కొక్కటిగా తెరిచి మూసేశాను. వరస నిండింది, ఆయనకు తేడా తెలియలేదు. ఇలాంటివి ప్రతి మనిషి దగ్గరా నాలుగైదు ఉంటాయి, పక్కన కూర్చుంటే తప్ప బయటపడవు.

మూడో అడుగు: విండోస్‌లో ఉండగానే ప్రోగ్రాములు మార్చండి

ఈ మార్గదర్శిలో ఒక్క సలహానే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు రెండూ ఒకే రోజు మారితే మనిషి బెదిరిపోతారు. ఫైర్‌ఫాక్స్ (బ్రౌజర్), లిబ్రెఆఫీస్, థండర్‌బర్డ్ (ఈమెయిల్), వీఎల్‌సీ (వీడియోలు) నాలుగూ విండోస్‌లోనూ నడుస్తాయి. ముందు అక్కడే వాటిని అలవాటు చెయ్యండి. మూడు నాలుగు వారాలు అవే వాడితే, లినక్స్ వచ్చిన రోజున మారేది కింది పట్టీ, మెనూ, ఫోల్డర్ల కిటికీ మాత్రమే. ఆ వారాల్లో ఏదైనా కుదరకపోతే, డిస్క్ ముట్టుకోకముందే ఆ సంగతి మీకు తెలుస్తుంది.

లిబ్రెఆఫీస్‌లో రెండు మార్పులు మొదటి రోజే చేసేయండి. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది, అందులో ట్యాబ్డ్ ఎంచుకుంటే పైభాగం వర్డ్, ఎక్సెల్ రిబ్బన్‌కి దగ్గరగా కనిపిస్తుంది. తర్వాత టూల్స్, ఆప్షన్స్, లోడ్ సేవ్, జనరల్ అన్న దారిలో వెళ్లి, ఫైళ్లు ఎప్పుడూ వర్డ్, ఎక్సెల్ రూపంలోనే సేవ్ అయ్యేలా పెట్టండి. ఈ రెండోది మర్చిపోతే వాళ్లు పంపిన ఉత్తరం అవతలివాళ్ల దగ్గర సరిగా తెరుచుకోక, తప్పు లినక్స్ మీదకు వస్తుంది.

ఫాంట్ల సంగతి కూడా చూడాలి. క్యాలిబ్రి, కేంబ్రియా మైక్రోసాఫ్ట్‌వి. అవి లేని చోట పేజీలు జరిగిపోతాయి. క్యాలిబ్రికి బదులు కార్లిటో, కేంబ్రియాకు బదులు కలాడియా, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి. అక్షరాల వెడల్పు ఒకేలా ఉండేటట్టు తయారుచేసినవి కాబట్టి పంక్తులు విరిగే చోటు మారదు. ఎక్సెల్‌లో మ్యాక్రోలు వాడే షీట్లను మాత్రం విడిగా పరీక్షించండి, అన్నీ పనిచెయ్యవు.

ఈమెయిల్ ఔట్‌లుక్‌లో ఉంటే థండర్‌బర్డ్‌కి మార్చే పని విండోస్‌లో ఉండగానే పూర్తి చెయ్యాలి. ఔట్‌లుక్ ఉన్న కంప్యూటర్‌లో అయితే థండర్‌బర్డ్ దాని మెయిళ్లను నేరుగా తెచ్చుకోగలదు, లినక్స్‌కి వెళ్లాక ఆ వెసులుబాటు ఉండదు.

నాలుగో అడుగు: ఏ లినక్స్?

లినక్స్ ఒకటే కాదు, వేర్వేరు పేర్లతో చాలా రూపాల్లో దొరుకుతుంది. ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేక ఇక్కడ చాలామంది వారాలు వృథా చేస్తారు. తెలియనివారికైతే నా మాట లినక్స్ మింట్, సినమన్ ఎడిషన్. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటాయి. విండోస్ 7, 10 వాడిన చేతికి వెతుకులాట ఉండదు. మింట్ 22 వరసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ 4 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ పెట్టండి. రూపం ఇంకా ముచ్చటగా కావాలంటే జోరిన్ ఓఎస్ కూడా మంచిదే.

ఫెడోరా నాకూ ఇష్టమే. కానీ దాని ప్రతి విడుదలకూ సుమారు 13 నెలలే మద్దతు. ఏడాదికోసారి పెద్ద అప్‌గ్రేడ్ అంటే ఏడాదికోసారి మీరు వాళ్లింటికి వెళ్లాలి. ఇక మీరు సొంతంగా వాడేది ఏదైనా సరే, దాన్ని వాళ్లకు పెట్టాలన్న కోరికను అణుచుకోండి.

అయిదో అడుగు: డేటా భద్రం

డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, ఫొటోలు బయటి డ్రైవ్‌కి ఎక్కించండి. డెస్క్‌టాప్‌ను మర్చిపోకండి, చాలామంది ప్రపంచమంతా అక్కడే ఉంటుంది. వన్‌డ్రైవ్ వాడేవారి ఫైళ్లు కొన్ని కంప్యూటర్‌లో పేరుకే కనిపిస్తాయి, అసలు ఫైల్ ఆన్‌లైన్‌లో ఉంటుంది. వాటిని పూర్తిగా దింపుకున్నాకే కాపీ చెయ్యండి. బ్రౌజర్ పాస్‌వర్డులను ఫైర్‌ఫాక్స్ సింక్‌లో పెట్టడం మేలు. ఫైల్‌గా ఎగుమతి చేస్తే అందులో పాస్‌వర్డులు ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి, పని అవగానే చెరిపేయండి. కాపీ అయిన ఫైళ్లలో కొన్నింటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే బ్యాకప్ అయిందనుకోండి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ వాళ్లకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. రికవరీ కీ సాధారణంగా వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే కంప్యూటర్ మూల సెట్టింగులు) ఏదైనా మార్చే ముందే ఆ కీ కాగితం మీద రాసుకోవాలి.

పాత డిస్క్ ముట్టుకోకుండా కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి దాని మీద లినక్స్ వెయ్యడం అన్నిటికంటే నిశ్చింతైన పద్ధతి. విండోస్ డిస్క్‌ను విప్పి, కవర్లో పెట్టి, తేదీ రాసి వాళ్ల చేతికే ఇవ్వండి. ఎప్పుడు కావాలన్నా వెనక్కి వెళ్లొచ్చని తెలిస్తే వాళ్లలో సగం భయం పోతుంది. పైగా పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ రావడంతో వేగం కూడా కళ్లకు కనిపించేంత పెరుగుతుంది.

ఒకే డిస్క్ మీద రెండూ ఉంచే డ్యూయల్ బూట్‌ను తెలియనివారికి నేను సిఫారసు చెయ్యను. ఆన్ చేసిన ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది, విండోస్ అప్‌డేట్ ఒక్కోసారి బూట్ వరసను మార్చేస్తుంది, రెండింటిలో గడియారం వేర్వేరు సమయాలు చూపిస్తుంది. తప్పదనుకుంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, ఆ డ్రైవ్‌లో లినక్స్ నుంచి రాయడం కుదరకపోవచ్చు.

ఆరో అడుగు: పెన్‌డ్రైవ్ నుంచి ముందు నడిపి చూడండి

మింట్ అధికారిక సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైల్ (ఇన్‌స్టాల్‌కి కావాల్సినదంతా ఉండే ఫైల్) దింపుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. దింపాక దాని షా256 చెక్‌సమ్‌ను (ఫైల్ మారలేదని తేల్చే అంకెల, అక్షరాల వరస) సైట్‌లో ఇచ్చినదానితో సరిపోల్చండి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌లోకే దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ లింకులను దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓ వైపు మళ్లించారు. తర్వాత రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ప్రోగ్రామ్‌తో ఆ ఐఎస్‌ఓను పెన్‌డ్రైవ్‌కి ఎక్కించుకుని, కంప్యూటర్ ఆన్ అవుతుండగా ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్, డిలీట్‌లలో ఆ కంపెనీ వాడే మీట నొక్కి దాని నుంచి బూట్ చెయ్యండి.

డిస్క్ మీద ఏమీ రాయకుండానే లినక్స్ మొత్తం తెర మీదకు వస్తుంది. ఈ పరీక్ష వాళ్లింట్లో, వాళ్ల వైఫైతో, వాళ్ల ప్రింటర్‌తోనే చెయ్యాలి. వైఫై పట్టిందా, శబ్దం వస్తోందా, కెమెరా, మైకు పనిచేస్తున్నాయా, బ్రైట్‌నెస్ మారుతోందా, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరుగుతోందా చూడండి. ల్యాప్‌టాప్ మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. నిద్రలోంచి సరిగా లేవని ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉంటాయి, ఆ సంగతి ఇప్పుడే తెలియాలి.

ప్రింటర్‌ను తప్పకుండా ఒక పేజీ అచ్చేసి చూడండి. నెట్‌వర్క్‌లో ఉండే ఈమధ్య కాలపు ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ అక్కర్లేకుండానే కనిపిస్తాయి. హెచ్‌పీ వాటికి మద్దతు బాగుంటుంది. యూఎస్‌బీకి మాత్రమే తగిలించే పాత లేజర్ ప్రింటర్లు కొన్ని మొండికేస్తాయి. ప్రింటర్ పనిచెయ్యకపోతే పని అక్కడితో ఆపి, వాళ్లతో మాట్లాడండి. నెలకోసారే ప్రింట్ తీసినా, ఆ ఒక్కసారి అది అత్యవసరం అయి ఉంటుంది.

ఏడో అడుగు: ఇన్‌స్టాల్

డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ గుర్తు నొక్కి, అడిగినవాటికి జవాబిస్తూ వెళ్లడమే. జాగ్రత్త పడాల్సిన చోట్లు మూడు.

మొదటిది మల్టీమీడియా కోడెక్స్ (వీడియోలు, పాటలు ఆడటానికి కావాల్సినవి) గడి. అక్కడ టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ ఆన్ కాకుండా ఆపే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఇక్కడే ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర వస్తుంది. అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొద్ది సెకన్లే ఆగుతుంది, కంప్యూటర్ ముందే ఉండండి.

రెండోది డిస్క్ ఎంపిక. డిస్క్ చెరిపేసే ఎంపికను నొక్కే ముందు పేరు, పరిమాణం చూసి అది కొత్త ఎస్‌ఎస్‌డీయేనని నిర్ధారించుకోండి. బ్యాకప్ డ్రైవ్‌ను ఆ సమయంలో తీసి పక్కన పెట్టండి. అసలు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ కూడా అదే కంప్యూటర్‌లో ఉండబోతుంటే మాత్రం ఈ మార్పు తర్వాత అది బూట్ కాకపోవచ్చు.

మూడోది పాస్‌వర్డ్. వాళ్లనే కీబోర్డ్ ముందు కూర్చోబెట్టి టైప్ చేయించండి. కంప్యూటర్ వాళ్లది.

ఎనిమిదో అడుగు: అప్పగించే ముందు సర్దుబాట్లు

డ్రైవర్ మేనేజర్ ఒకసారి తెరవండి. ఎన్విడియా గ్రాఫిక్స్, బ్రాడ్‌కామ్ వైఫై ఉంటే పని అక్కడ పడుతుంది. అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ ట్యాబ్‌కి వెళ్లి అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి, పాత కెర్నళ్లు (లినక్స్ కేంద్ర భాగపు పాత రూపాలు) తొలగించే ఎంపిక కూడా ఆన్ చెయ్యండి. మింట్‌తో వచ్చే టైమ్‌షిఫ్ట్‌లో వారానికో స్నాప్‌షాట్ (సిస్టమ్ ఆ సమయంలో ఉన్న స్థితి నకలు) పెడితే ఏ అప్‌డేటైనా తేడా చేసినప్పుడు సిస్టమ్‌ను వెనక్కి తీసుకెళ్లొచ్చు. అయితే టైమ్‌షిఫ్ట్ మామూలుగా సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది. వాళ్ల ఫొటోలు, ఉత్తరాలకు బ్యాకప్ టూల్‌తో బయటి డ్రైవ్‌కి విడిగా ఏర్పాటు చెయ్యండి.

కింది పట్టీ మీద వాళ్లు రోజూ వాడేవి మాత్రమే, విండోస్‌లో ఉన్న వరసలోనే పెట్టండి. అదే వాల్‌పేపర్, అదే అక్షరాల పరిమాణం ఉంచండి. బ్యాంకు, ఈమెయిల్, వాట్సాప్ వెబ్ లాంటివి బ్రౌజర్ బుక్‌మార్క్ పట్టీలో ఉంచండి. క్రోమ్‌కి, జూమ్‌కి లినక్స్ రూపాలున్నాయి. టీమ్స్ బ్రౌజర్‌లో నడుస్తుంది.

తెలుగు టైపింగ్ విషయంలో వాళ్ల చేతి అలవాటు కనుక్కోండి. ఇన్‌స్క్రిప్ట్ అయితే కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు చేర్చితే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు పెట్టి, వాటిలో ఐట్రాన్స్ అనే పద్ధతి ఎంచుకోవచ్చు. కానీ అందులో చిన్న, పెద్ద అక్షరాల తేడా కచ్చితంగా పాటించాలి. ఫోన్‌లో ఎలా కొట్టినా సరిదిద్దే కీబోర్డుకు అలవాటుపడ్డవారికి ఇది చిరాకు తెప్పిస్తుంది, ఒకటి రెండు రోజులు పక్కనుండి అలవాటు చెయ్యాలి. చదవడానికి నోటో తెలుగు ఫాంట్లు బాగుంటాయి. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన పత్రాలు యూనికోడ్‌లో ఉండవు కాబట్టి గజిబిజిగా కనిపిస్తాయి. వాటిని ముందే యూనికోడ్‌కి మార్చుకోవాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని చేసేవారైతే విండోస్ కంప్యూటర్ ఒకటి ఉంచుకోవడమే నయం.

తొమ్మిదో అడుగు: మొదటి గంట

నేర్పేది తక్కువే ఉండాలి. టెర్మినల్ ఊసెత్తకండి, ఓపెన్ సోర్స్ చరిత్ర చెప్పకండి. నాలుగు సంగతులు చాలు. మెనూ ఇక్కడ. ఫైళ్లు ఇక్కడ. కొత్త ప్రోగ్రామ్ కావాలంటే వెబ్‌సైట్లలో వెతక్కుండా సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోంచే. ఆపాలంటే ఇలా. తర్వాత వాళ్లు రోజూ చేసే పని మొదటి నుంచి చివరి దాకా వాళ్లతోనే చేయించండి. ఉత్తరం తెరిచి, దిద్ది, సేవ్ చేసి, ప్రింట్ తీసేదాకా మీ చేతులు మీ దగ్గరే ఉంచుకోండి.

మోసాల గురించి మాత్రం తీరిగ్గా చెప్పండి. లినక్స్‌లో వైరస్ రాదని ధీమా ఇస్తే, అబద్ధపు బ్యాంకు పేజీలో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కూడా ఆ ధీమాయే ఉంటుంది. "మీ విండోస్‌కి వైరస్ పట్టింది" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్యమనండి. ఎవరో ఇచ్చిన కమాండ్‌ను అర్థం కాకుండా అతికించవద్దని, సిస్టమ్ పాస్‌వర్డ్ అనుకోకుండా అడిగితే ముందు మీకు ఫోన్ చెయ్యమని చెప్పండి.

పదో అడుగు: తర్వాతి మూడు నెలలు

మొదటి వారంలో మీరే ఫోన్ చెయ్యండి. "అంతా బాగానే ఉందా?" అంటే "ఆ, బాగుంది" అనే వస్తుంది. "ఈ వారం చెయ్యలేకపోయిన పనేమైనా ఉందా?" అని అడగండి. మొహమాటంతో వదిలేసిన పని, అంటే స్కాన్ కుదరక పక్కింట్లో చేయించుకోవడం లాంటిది, అప్పుడు బయటకు వస్తుంది. దూరంగా ఉంటే, మీ చోటు నుంచే వాళ్ల కంప్యూటర్ తెర చూసి నడిపించే రస్ట్‌డెస్క్ లేదా ఎనీడెస్క్ ముందే పెట్టి, ఇద్దరూ ఒకసారి వాడి చూసుకోండి. మీరు తప్ప వేరెవరు అడిగినా ఆ ప్రోగ్రామ్‌లో కనిపించే కనెక్షన్ నంబర్ ఇవ్వకూడదని వాళ్లకు గట్టిగా చెప్పండి.

మూడు నెలల తర్వాత కూడా వాళ్లకు కుదరకపోతే వాదించకుండా కవర్లోని పాత డిస్క్ మళ్లీ బిగించండి. మద్దతు అయిపోయిన విండోస్‌తో ఆన్‌లైన్ బ్యాంకింగ్ చెయ్యడం ప్రమాదమని ఒకసారి వివరంగా చెప్పి, నిర్ణయం వాళ్లకే వదిలేయండి. బిగించే ముందు, ఈ మూడు నెలల్లో లినక్స్‌లో చేసిన ఫైళ్లను బయటి డ్రైవ్‌కి ఎక్కించడం మీ పని.

కుదిరినవారి విషయంలో మీకు మిగిలేది అప్పుడప్పుడు ఒక పూట. మింట్ పెద్ద విడుదలలు దాదాపు రెండేళ్లకోసారి వస్తాయి. వచ్చిన వెంటనే పరుగెత్తక్కర్లేదు. 22 వరస మీద ఉన్నవారు 2029 మొదట్లోపు ఎప్పుడైనా మారొచ్చు. వెళ్లినప్పుడు ముందు టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్, బయటి డ్రైవ్‌కి బ్యాకప్ తీసుకుని, మింట్ వాళ్లిచ్చే అప్‌గ్రేడ్ టూల్ నడపండి. అది అయ్యాక ప్రింటర్‌లో ఒక పేజీ అచ్చేసి చూసి బయల్దేరండి.